లాడ్లీ బేగం గురించి నాలుగు మాటలు

నల్లగొండకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన ఏడాది అది. పర్వతాలు అనే యువకుడు తన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటర్ పెట్టించి, తెలిసినవాళ్లందరినీ పిలిచి చూపిస్తున్నాడు. పెళ్లిళ్లకు వంటలు చేసే లాడ్లీ బేగంను కూడా పిలిచాడు. హైదరాబాద్‌లో ఎవరో పెళ్లి పనులు చేసేవాళ్ల వివరాలతో వెబ్‌సైట్ తెరిచారనీ, అందులో ఆమె గురించి పెట్టిస్తాననీ చెప్పాడు. తాను అప్పటికే రాసి ఉంచినది గొంతు సవరించుకుని చదివాడు.

“పాకశాస్త్ర ప్రవీణురాలు, జిల్లాకే తలమానికం, అమృతహస్తురాలు అయిన శ్రీమతి లాడ్లీ బేగం గారు...”

ఆమె కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగింది.

“గీమె ఎవలు బిడ్డా?”

“నువ్వే ఖాలా!”

“నాకే ఎరుకపడ్తలేదు. గిది ఎవలు చదువుతరు?”

“ఎవలైనా చదువుతరు. బొంబాయిల కూసున్నోళ్లు సుత.”

ఆమెకు గమ్మత్తుగా అనిపించింది. ఇన్నాళ్లూ తిన్నవాళ్లు చెబితేనే కొత్తవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. తన చేతి వంట రుచి చూడని మనిషికి తానెవరో ఎలా చెప్పడం? కాసేపు ఆలోచించి పర్వతాలునే అడిగింది.

“మీ చెల్లె పెండ్లికి వంటోళ్లను ఎట్ల కుదుర్చుకున్నరు? ముందుగాల ఏమడిగిన్రు?”

పర్వతాలు తల గోక్కున్నాడు. “మా అమ్మే అడిగింది. నీసు తిననోళ్లకు గంజులు ఏరే పెడ్తరా అని. జనం ఎక్కువొస్తె అన్నం సరిపోతదా అని. చేతికింద మనుషులను మీరే తెచ్చుకుంటరా అని.”

“మరి గవ్విటికి జవాబు రాయి.”

పర్వతాలు పాత మాటలన్నీ చెరిపేశాడు. ఆమె చెబుతుంటే ఒక్కో వేలితో కొట్టాడు. బిర్యానీ, బగారన్నం, దాల్చా వండుతారు. నీసు తిననివారికి వేరే పాత్రలు, వేరే పొయ్యి. జనం ఎక్కువొస్తే అప్పటికప్పుడు మళ్లీ వండుతారు. పనివాళ్లను తామే తెచ్చుకుంటారు. ఎంత దూరమైనా వస్తారు.

“తీపి చెయ్యరని సుత రాయి,” అందామె.

“రానిది ఎందుకు ఖాలా? ఎవలన్న చెప్పుకుంటరా?”

“పెండ్లినాడు తీపేదని నా మొకం చూస్తె ఏం చెయ్యాలె? ముందే ఎరుకుంటె వాళ్లే చూసుకుంటరు.”

పర్వతాలుకు మనసొప్పలేదు. అయినా రాసి, కింద తన ఇన్‌స్టిట్యూట్ ఫోన్ నంబరు వేసి పంపించాడు.

కొన్ని వారాలు ఏ కబురూ లేదు. లాడ్లీ బేగం మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా లోపలికి తొంగి చూసి, “ఎవలన్న చదివిన్రా?” అని అడిగేది. ఒకరోజు ఆమె కోసం ఫోన్ వచ్చిందని పర్వతాలు మనిషిని పంపి పిలిపించాడు. ఆమె వచ్చేసరికి ఫోన్ మళ్లీ మోగింది.

కొత్తకోట నుంచి కిష్టయ్య అనే మనిషి. హైదరాబాద్‌లో చదివే ఆయన కూతురు కంప్యూటర్‌లో చూసి నంబరు ఇచ్చిందట.

“అందరు అన్ని వస్తయనే రాసిన్రమ్మా. మీ ఒక్కలది చదివితెనే నమ్మబుద్ధయింది. మా పిలగాని పెండ్లికి రావాలె.”

“వస్త, తప్పక వస్త. నా సంగతి మీరు చదివిన్రు. మరి మీ సంగతి నాకెట్ల ఎరుక?” అందామె. “మీ దిక్కు నీళ్లెట్ల ఉంటయి? బోరు నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?”

అటువైపు ఆయన నవ్వి, “జర ఆగున్రి, మా ఇంటామెను అడిగి చెప్త,” అన్నాడు.

లాడ్లీ బేగం రిసీవర్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఎక్కడో గిన్నెల చప్పుడు, మేక అరుపు, ఆడవాళ్ల నవ్వులు. ఎన్నడూ చూడని ఆ ఇల్లు ఎలా ఉంటుందోనని ఊహించుకుంటూ ఆమె కదలకుండా విన్నది.