మొహమాటస్తుడి భార్య

"చిన్న డబ్బా ఒకటి నీ బ్యాగులో పడెయ్, ఎందుకైనా మంచిది," అన్నాడాయన, ప్రయాణానికి సూట్‌కేసు మూస్తూ. విమానమెక్కి దీవికి వెళ్తూ బడికి పట్టుకెళ్లే టిఫిన్ డబ్బా దేనికో లెక్కల టీచరైన భార్యకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. కడిగి, తుడిచి, బ్యాగు అడుగున పెట్టింది. హోటల్లో మొదటి ఉదయం, టిఫిన్లు పెట్టే హాల్లో, ఆయన కనుబొమలెగరేసి బన్నుల బుట్టనూ ఆమె బ్యాగునూ మార్చి మార్చి చూసినప్పుడు తెలిసింది.

"గది అద్దెలోనే కలిపేశారుగా, ఎంత తీసుకున్నా మనదే," అన్నాడు గొంతు తగ్గించి. "మధ్యాహ్నానికి కూడా సర్దెయ్. మళ్లీ బయట తినడం దేనికి?"

"మీరు తీసుకురండి, నేను డబ్బా పట్టుకుంటా."

"అబ్బే, నాకు మొహమాటం."

పెళ్లయిన కొత్తలో అత్తగారు ఈ మాటే మురిపెంగా చెప్పింది. "మావాడు ఒట్టి మొహమాటస్తుడమ్మా. ఆకలేసినా అడగడు. నువ్వే నోరు తెరిచి చూసుకోవాలి." ఎంత మంచివాడు దొరికాడో అని కొత్తకోడలు సంబరపడింది కూడా. నోరు తెరవడమనే ఆ ఉద్యోగం జీతం లేకుండా, సెలవు లేకుండా ఇన్నేళ్లు సాగుతుందని ఎవరనుకున్నారు? పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన నిచ్చెన తిరిగి అడగాలంటే ఆమె. కూరగాయల దగ్గర బేరమాడాలంటే ఆమె. ఆయనగారు స్కూటరు దగ్గరే నిలబడి, ఈ గొంతు చించుకునే మనిషెవరో తనకు తెలియనట్టు ఫోను చూసుకుంటాడు. ఇంట్లో తిష్ఠ వేసిన స్నేహితుణ్ణి కదిలించాలన్నా ఆమే. "మీ ఆవిడకి నేనుండటం ఇష్టం లేనట్టుందిరా," అని అతను వెళ్తూ వెళ్తూ అంటే, పొమ్మనమని రాత్రంతా ఆమెను పోరినవాడు ఆ మాట కాదనకుండా భుజం తట్టి బస్సెక్కించి వచ్చాడు. వీధిలో ఆయన దేవుడు, ఆవిడ గయ్యాళి. దేవుడికి కావలసినవన్నీ ఆ గయ్యాళే అడిగి తెచ్చిపెడుతోందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చాలాకాలం ఆమెకూ తట్టలేదు.

నిజానికి ఆ దీవిలో ఎక్కడ ఏం తినాలో, ఏం తాగాలో ఆమెకు కంఠతా వచ్చు. స్టాఫ్‌రూములో జవాబు పత్రాలు దిద్దుతూ, మధ్యమధ్య ఫోనులో అదే చదివేది. లేత కొబ్బరిబోండాలు ఏ మలుపు దగ్గర బాగుంటాయో, అనాసరసంలో ఐసు తక్కువ వేసేదెవరో అన్నీ తెలుసు. అన్నిటికంటే ఆమె మనసు పడింది చెక్కవంతెన చివరి పాక మీద. నీళ్లలో పాతిన గుంజల మీద ఉంటుందట. అప్పుడే పట్టిన చేపను బొగ్గుల మీద కాల్చి, పైన నిమ్మకాయ పిండి, ఆకులో పెట్టి ఇస్తారట. కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుంటే అలలొచ్చి అరికాళ్లు తడుపుతాయట. కూతురికి ఎన్నో రాత్రులు ఇదే కథగా చెప్పి నిద్రపుచ్చింది. తీరా వచ్చాక ముగ్గురూ రోజూ మధ్యాహ్నం ఆ పాకకు ఎదురుగా, ఇసుకలో తువ్వాలు పరుచుకుని, ఎండిపోయిన బన్నులు నమిలారు. గాలికి పొగ ఇటే వచ్చేది.

"వాసనకే కడుపు నిండిపోతోంది కదూ," అని ఆయన జోకేశాడు. పాప నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తను ఎందుకు నవ్విందో తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

బొప్పాయి ముక్కలు పెట్టమన్నది ఆయనే. పండు ఒంటికి మంచిదట. ఒకరోజు పొద్దున టిఫిన్ల హాల్లో, హడావుడిలో డబ్బా మూత సరిగా పడలేదు. తలుపు దాకా వచ్చి వెనక్కి చూసుకుంటే, తెల్లటి నేల మీద నారింజరంగు చుక్కలు, వాళ్ల బల్ల దగ్గర్నుంచి ఆమె చెప్పుల దాకా. వచ్చేపోయేవాళ్లను పలకరించే అమ్మాయి కాగితం రుమాళ్లు పట్టుకుని పరుగున వచ్చింది.

"మేడమ్, మీ బ్యాగులో ఏదో ఒలికినట్టుందండి." పాపం, సాయం చేద్దామనే జిప్పు తీసింది. బన్నులు, గుడ్లు, వెన్న పొట్లాలు అన్నీ కనబడ్డాయి. ఆ అమ్మాయి గబుక్కున మూసేయబోయింది గానీ, అప్పటికే మేనేజరు వచ్చేశాడు.

"ఏం లేదండి, ఇక్కడివి బయటికి తీసుకెళ్లకూడదు, అంతే," అన్నాడు, మర్యాదగా, ఆమె మొహం చూడకుండా.

ఆమెకు తల తీసేసినట్టయింది. పరీక్ష హాల్లో పిల్లల చొక్కా మడతల్లోంచి చీటీలు లాగే చెయ్యి ఆమెది. పట్టుబడ్డ క్షణంలో వాళ్ల మొహాలు ఎలా పాలిపోతాయో ఎన్నిసార్లు చూసిందో. ఇప్పుడా మొహం తనకుంది. భర్త కోసం చూసింది. ఆయన అప్పటికే ఒకడుగు పక్కకు జరిగి ఉన్నాడు.

"ఏంటిది? ఇంత చదువుకుని ఇదేం పని?" అన్నాడు, చుట్టుపక్కల బల్లలకు వినబడేలా. మేనేజరు వైపు తిరిగి నవ్వాడు. "సారీ అండి. ఆడవాళ్ల సంగతి మీకు తెలియందేముంది."

"నాదే పొరపాటండి. ఆయనకి తెలీదు," అంది ఆమె.

ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. అలవాటుపడ్డ నోరు దానంతటదే అనేసింది. పాప మెల్లగా అమ్మ చెయ్యి వదిలించుకుని వెళ్లి నాన్న పక్కన నిలబడింది.

గదికొచ్చి, బాత్రూములో కుళాయి కింద బ్యాగు కడుగుతూ ఉండిపోయింది. ఎంత కడిగినా బొప్పాయి వాసన పోలేదు. బయట మంచం మీంచి ఆయన గొంతు వినిపిస్తోంది. "ఇంక మొహం అలా పెట్టుకోకు. నేను నవ్వేసి సర్దేశా కాబట్టి సరిపోయింది. రేపు పళ్లొద్దులే. బన్నులే పెట్టు, అవి కారవు." ఆమెకు సిగ్గేసింది బన్నుల గురించి కాదు. ఆకలేసి నాలుగు బన్నులు పట్టుకెళ్లినవాళ్లు లోకంలో ఎంతమంది లేరు! అందరి ముందూ తనను వదిలేసి పక్కకు జరిగినవాణ్ణి, తనే మళ్లీ కాపాడింది, ఆ సిగ్గు. అది ప్రేమతో చేసినా బాగుండేది. అలవాటుతో చేసింది. చేసిందంతా పాప చూసింది, చూసి ఎవరి పక్కన నిలబడితే పరువు దక్కుతుందో లెక్క వేసుకుంది. లెక్కల టీచరు కూతురు కదా, లెక్క తప్పలేదు. తను ఆ పిల్లను ఏమీ అనలేకపోయింది. అనడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున బ్యాగు గదిలోనే వదిలేసి టిఫిన్‌కు దిగింది. తలుపు దగ్గర అమ్మాయి రోజూలాగే నవ్వి పలకరించింది. ఆ నవ్వులో ఎగతాళి ఏమీ లేదు, అయినా ఆమె తలదించుకునే లోపలికి నడిచింది. తినడం అవుతుండగా ఆయన కనుబొమలు లేచాయి. ఆమె ఖాళీ చేతులు చూపించింది. ఆయన విసుగ్గా నిట్టూర్చి, కూతురి వైపు వంగాడు.

"బంగారుతల్లీ, నీ ఈత బట్టల సంచీ తెచ్చావుగా. చిన్నపిల్లవి, నిన్నెవరూ అడగరు."

పాప రెండు బన్నులు కాగితం రుమాల్లో చుట్టి, బల్ల కిందికి దించి, చూపు మాత్రం ఎటో పెట్టుకుని సంచీలోకి తోసేసింది. తర్వాత తలుపు దగ్గరి అమ్మాయి ఇటు చూస్తోందేమోనని ఓరగా చూసింది. ఎవరూ నేర్పకుండా ఎంత శుభ్రంగా చేసిందో. పాపకు ఇవి ఎవరూ నేర్పలేదని తల్లి ఒక్క క్షణం తనకు తాను చెప్పుకోబోయి, ఆగిపోయింది.

చెయ్యి చాచి సంచీలోంచి పొట్లం తీసింది. విప్పి, రెండు బన్నులూ ఆయన పళ్లెంలో పెట్టింది.

"నీకెందుకే ఈ పని? నాన్నకి కావాలంటే నాన్న పట్టుకెళ్తారు," అంది, కోపం లేకుండానే. ఇంట్లో వాడే గొంతు కాదది, క్లాసులో వెనక బెంచీకి వినబడే గొంతు.

పక్క బల్లవాళ్లు తలెత్తారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మధ్యాహ్నం నేనూ పాపా వంతెన చివర పాకలో చేప తింటాం. మీరొస్తే రండి. మీకేం కావాలో మాత్రం మీరే అడిగి తెప్పించుకోవాలి."

"నాకు మొహమాటమని తెలుసుగా," అన్నాడు ఆయన, దాదాపు బతిమాలుతూ.

"నాకూ మొహమాటమేనండీ," అంది ఆమె, కుర్చీ వెనక్కి జరిపి లేస్తూ. "ఆ మాట చెప్పడానికే ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను."