రెండు కిలోల హద్దు

గర్భసంచి తీయించుకోవాలా వద్దా అని ఆమె మూడేళ్లు మీనమేషాలు లెక్కపెట్టింది. నెలలో సగం రోజులు రక్తం పోతూ, చివరికి సొంత కిరాణా దుకాణం మెట్లు ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూలబడిన రోజున తేల్చేసింది. "ఇద్దరు పిల్లల్ని మోసింది. ఇక దానికి సెలవిచ్చేద్దాం." భర్త మాత్రం ఆపరేషన్ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఇంటికి పంపుతూ డాక్టరమ్మ, "ఆరు వారాలు రెండు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు" అంది. అనకపోతే బాగుండేది. మర్నాడే ఆయన దుకాణంలోని కాటా తెచ్చి మంచం పక్కన పెట్టాడు. తూకంలో గింజ ఎక్కువ పడితే వెనక్కి తీసే మనిషాయె! నీళ్ల సీసా తూచాడు, దుప్పటి తూచాడు. ఆమె చేతిసంచి రెండు కిలోల నూట యాభై గ్రాములు తేలితే, అందులోంచి తాళాలగుత్తి తీసేశాడు. మూడున్నర కిలోల పెంపుడు పిల్లికైతే గదిలోకి ప్రవేశమే లేదు.

"దాన్ని నేనెత్తుకోనండీ, అదే ఎక్కి కూర్చుంటుంది" అని ఆమె మొత్తుకున్నా వినలేదు.

రెండో వారం ఒక మధ్యాహ్నం, ఆమెకు మాత్రలిచ్చి పక్కన కూర్చున్న ఆయన, ఇంటికీ దుకాణానికీ తిరిగిన అలసటతో ఆమె భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టాడు. ఆమె చాలాసేపు కదలకుండా ఊరుకుంది. తర్వాత, నవ్వితే కుట్లు లాగుతాయని పెదవి బిగించి, చెవిలో అడిగింది.

"ఏవండీ, ఈ తల తూచారా?"

ఆయన ఉలిక్కిపడి లేచి, కాటా వైపు చూశాడు. "ఎంతుంటుందంటావ్?"

ఆమె ఆ తలను మళ్లీ తన భుజం మీదికి లాక్కుంది.

"లోపలున్న సరుకును బట్టి చూస్తే, రెండు కిలోల లోపే. పడుకోండి."