తోమాసు ఎర్రక్షరాలు

‘ఫిలిప్, సుల్తానాబాద్, గుండె ఆపరేషన్, మధ్యాహ్నం పన్నెండింటికి’ అని కంప్యూటర్‌లో రెండు చూపుడువేళ్లతో కొట్టి, తోమాసు కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. ఎదురుగా ఫిలిప్ భార్య సత్తవ్వ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

తోమాసు బక్కపలచటి మనిషి. కరీంనగర్‌లోని ఆ చర్చి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా జనం కష్టాలు రాయడమే ఆయన కొలువు. మొదట్లో పుస్తకంలో రాసేవాడు, ఇప్పుడు చర్చి వెబ్‌సైటులో. అది చూసి నిర్మల్ దాకా విశ్వాసులు ఎక్కడివాళ్లక్కడ ప్రార్థన చేస్తారు. ప్రాణం మీదికొచ్చిన మనవులకు మాత్రం కదిలే ఎర్రక్షరాలు పెడతాడు. కదిలితేనే జనం కన్ను పడుతుందని ఆయన నమ్మకం. ఆ కోడ్ కంప్యూటర్లు బాగుచేసే ప్రణయ్ చీటీ మీద రాసిచ్చాడు. అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చుక్క పొల్లుపోకుండా కొట్టగలనని తోమాసుకు కాస్త గర్వం కూడా.

కోడ్ జతచేసి పంపాడు. పేజీ మాయమైంది. ఇందులో అసాధారణమైన కోడ్ కనిపించిందనీ, మీ సమాచారం దొంగలపాలు కాకుండా ఆపేశామనీ ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చాయి. వారం కిందట కొత్త కంప్యూటర్ వచ్చాక ఎర్రక్షరాల అవసరం పడటం ఇదే మొదలు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. తోమాసుకు పాలుపోలేదు. రాసింది తనే, పంపింది తనే. మరి ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నట్టు?

చర్చి కార్యదర్శి సుధాకర్ వచ్చి, ఆ వరుసలు పైకి చదివి, మొహం మాడ్చుకున్నాడు.

“తోమాసన్నా, దీంట్ల ఏం వెట్టినవ్? అందరి ఫోన్ నంబర్లు గిండ్లనే ఉన్నయ్.”

“ఎప్పటి చీటే సార్. నేనేం దొంగతనం జేసిన్న?”

“కంప్యూటర్‌కు నీ మీద పగనా? ఇగ దాన్ని ముట్టకు. కమిటీకి చెప్పాలె.”

తోమాసు తన చేతులకేసి చూసుకున్నాడు. నిజమే, ఆ చీటీలో ఏముందో తనకేం తెలుసు? ఇన్నేళ్లూ తెలియకుండానే ఎవరిదైనా ఎత్తుకుపోయాడా?

“మా ఆయన పేరు వడ్డదా అన్నా?” అంది సత్తవ్వ.

“పడుతది. జర ఆగు.”

బయటికి నడిచి గేటు పక్కన నల్లబోర్డు తుడిచాడు. ఎర్ర సుద్ద దొరకలేదు. తెల్లదానితోనే ఫిలిప్ పేరు పెద్దగా రాశాడు. మార్కెట్‌కు పోయే ముగ్గురు ఆగి, చదివి, తలలు వంచారు. సత్తవ్వ కళ్లు తుడుచుకుని ఆస్పత్రికి ఆటో ఎక్కింది.

ఆపరేషన్ బాగానే అయిందని సాయంత్రం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఎత్తింది సుధాకర్. అప్పటికే తోమాసు ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం పట్టుకున్న వానలోనే వెళ్లిపోయాడు. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. తర్వాత నిర్మల్‌లో కూతురింట్లో ఉంటున్నాడని విన్నారు.

మరుసటి ఏడు క్రిస్మస్ ముందర ప్రణయ్ కంప్యూటర్ చూడటానికొచ్చి, సుధాకర్ ఎదుటే ఆ పాత కోడ్ కొట్టాడు. ఎర్రక్షరాలు ఎంచక్కా కదిలాయి.

“అప్పుడు దొంగ కోడ్ అన్నది గదా?” అన్నాడు సుధాకర్.

“మనం పంపిన కోడే మల్ల పేజీల కనవడితె, ఎవడో దొంగ చొప్పించిండని వెబ్‌సైట్లు తెరిచే బ్రౌజర్ ఆపుతుండె సార్. అసలు దొంగలు తప్పించుకుంటుండ్రు, మంచోళ్లు దొరుకుతుండ్రు. అందుకే బ్రౌజర్ జేసినోళ్లే గా కాపలా తీసేసిండ్రు.”

సుధాకర్‌కు సిగ్గేసింది. వెంటనే తోమాసు నంబరుకు చేశాడు. కూతురు రెబెకా ఎత్తింది.

“బాపు పోయి నెల దాటింది సార్. ఆఖరి దాక అడుగుతనే ఉండె, నేనేం దొంగతనం జేసిన్న బిడ్డా అని. మాకేం తెల్సు, ఏం చెప్తం?”

సుధాకర్ ఫోన్ పెట్టేశాడు. కిటికీ ఊచకు తోమాసు నల్ల గొడుగు, ఆ వానరోజు ఆయన మరిచిపోయినది, అలాగే వేలాడుతోంది.