గోడకెక్కిన పోలెంతా తెడ్డు

నేను ఒక తెడ్డునమ్మా. అక్రోటు కొయ్యని. ఇటలీ దేశంలో ఉత్తరాన, బెర్గమో పట్నం పైనున్న కొండల్లో పుట్టాను. బోర్తొలో అనే ఆయన తన పెళ్ళాం మద్దలేనా కోసం నన్ను చెక్కాడు. చెక్కుతూ చెక్కుతూ, "నీ నోరంత పొడుగు పెట్టమంటావా?" అన్నాడు. ఆవిడ నన్ను మొదట ఆయన వీపు మీదే పరీక్షించింది. బానలోకి దిగింది ఆ తరవాతే.

కుదురుగా ఉండటం నాకు చేతకాదు. నా పుట్టుకే అలాంటిది. పోలెంతా అంటే ఏమనుకున్నారు? మొక్కజొన్న పిండి సంకటి. రాగి బానలో నీళ్ళు తెర్లుతుంటే పిండిని వానజల్లులా రాల్చాలి. ఇక అక్కణ్ణించి ఆపకుండా తిప్పాలి. ఆగావా, ఉండ కడుతుంది, అడుగంటుతుంది. చివర్న చీజ్ వేసి కలిపితే దాన్ని తరాన్యా అంటారు. చెక్కపలక మీద బోర్లించి దారంతో కోస్తారు, కత్తి పెట్టరు.

బోర్తొలో పోయాక ఆ ఇల్లు పూటకూళ్ళ ఇల్లయింది. తిండి కోసమే దేశాలు తిరిగే జనం ఉంటారు చూడండి, వాళ్ళొచ్చేవాళ్ళు. వాళ్ళ కబుర్లే నా చదువు. రోములో గొర్రెపాల చీజూ మిరియాలూ తప్ప ఇంకేమీ పడని పాస్తా తినాలిట. బారీలో ఆడవాళ్ళు వీధిలో కూచుని, బొటనవేలితో నొక్కి, చిన్న చిన్న చెవుల్లాంటి పాస్తా చేస్తారట. జెనోవాలో తులసి లాంటి ఆకుని రోట్లో నూరి పచ్చటి పచ్చడి చేస్తారట. సిసిలీలో అన్నం ఉండలు చేసి నూనెలో వేయిస్తారట. ఇటలీ అంటే పిజ్జా ఒక్కటే అనుకుని దిగినవాళ్ళు, మా కొండెక్కేసరికి నడుం దగ్గర బొత్తాం విప్పుకుంటారు. మనుషులు భలేవాళ్ళమ్మా! ఇంట్లో అమ్మ పెడితే "మళ్ళీ ఇదేనా" అంటారు, విమానమెక్కి వచ్చి ఇంకొకరి అమ్మ పెడితే ఫొటో తీసుకుంటారు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అత్త తన చేత్తో అందించేదాకా కోడలు తెడ్డు ముట్టకూడదు. మద్దలేనా కోడలు ఓర్సొలా కాపరానికొచ్చి చాలా ఏళ్ళయింది. పిండి జల్లించేది, పలకలు కడిగేది. తెడ్డు చేతికి రానంత కాలం తనూ ఆ ఇంటికి చుట్టమే అన్నట్టుండేది పాపం. ఆమె అడగలేదు, ఈవిడ ఇవ్వలేదు. ఇచ్చేస్తే ఇక తనతో ఎవరికి పనని మద్దలేనా భయం. నన్ను పట్టుకున్న ఆ వేళ్ళే చెప్పేవి.

చివరికి మద్దలేనా భుజం పడిపోయింది. చెయ్యి లేవదు. అప్పుడూ ఇవ్వలేదు, "నయమవుతుందిలే" అంది. ఓర్సొలాకి కోపమొచ్చి, బానకి బిగిస్తే తనంతట తనే తిప్పే కరెంటు మిషను తెచ్చింది. నేను గోడకెక్కాను. కింద బాన కుతకుతలాడుతుంటే నాకు పైన ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. దిగలేను, ఊరుకోలేను. మద్దలేనా మూల కుర్చీలో రొట్టెముక్క నములుతూ కూచునేది, మిషను తిప్పిన పోలెంతా ముట్టేది కాదు. కోడలు రోజూ వేడిగా పెట్టేది, రోజూ చల్లారిందే తీసేది.

ఒక మధ్యాహ్నం మీ తెలుగువాళ్ళు బస్సు దిగారు. అందులో కడప దగ్గరి పల్లెటూరి ఆవిడ, ఓబుళమ్మ, ఎవర్నీ అడక్కుండా వంటింట్లోకే వచ్చేసింది.

"ఏందమ్మా ఇది? ఇంత మంచి కట్టె గోడకు తగిలిచ్చి, సంగటి మిషన్‌తో గెలికేదేంది?" అంటూ నన్ను దించి, తిన్నగా ఓర్సొలా చేతిలో పెట్టింది. మిషను ఆపేసి, ఊడదీసి పక్కన పెట్టింది. "ఊఁ, తిప్పు. బాన నేను పట్టుకుంటా."

ఆవిడ మాట వీళ్ళకి రాదు, వీళ్ళ మాట ఆవిడకి రాదు. కొయ్యముక్కని, నాకే అన్నీ అర్థమయ్యేవి. ఓర్సొలా నన్ను పట్టుకునే అత్త వైపు తిరిగింది.

"నేను తియ్యలేదు అత్తయ్యా!"

"నాకు కళ్ళు లేవా?" అంది మూల కుర్చీలోంచి మద్దలేనా.

పోలెంతా మాత్రం ఎవరి మొహమాటం కోసమూ ఆగదు కదా. బుడగలు లేచాయి. మాడు వాసన మొదలైంది.

"చూస్తావేమే, అడుగంటుతోంది!" అని కేకేసింది ముసలావిడ. నేను బుడుంగున మునిగాను. "అబ్బబ్బ, బట్టలు జాడిస్తున్నావా? లోతుకి దించు!"

"భుజం లాగేస్తోంది అత్తయ్యా!"

"ఇన్నాళ్ళూ నాకు లాగలేదా?"

"తిడతాండాదా ముసిలామె?" ఓబుళమ్మ బాన పట్టుకునే నవ్వింది. "తిట్టనీలేమ్మా. మా అత్తయితే తెడ్డుతోనే యేసేది."

మద్దలేనా కుర్చీలోంచి లేచొచ్చింది. బాగున్న చెయ్యి నా దాకా చాచింది. నా పిడిని అందుకునేలోపు ఆగిపోయింది. కోడలి మోచేతి కింద ఆ చెయ్యి పెట్టి పైకెత్తింది. "ఇక్కణ్ణించి తిప్పు," అంది మెల్లిగా.

పలక మీద బోర్లిస్తే పసుప్పచ్చగా పొగలు కక్కింది. బస్సు దిగినవాళ్ళంతా తిన్నారు. బాన అడుగున పల్చటి మాడు మిగిలింది, అప్పడంలా ఊడొస్తుంది. మా కొండల్లో అది తిప్పినవాళ్ళ సొత్తు. ఓర్సొలా దాన్ని వొలిచి అత్త ముందు పెట్టింది.

"నేను తిప్పలేదుగా," అని ముసలావిడ వెనక్కి నెట్టింది.

ఓర్సొలా కళ్ళు తుడుచుకుని కొరికింది. తొట్టిలో నానుతూ నేను చూస్తున్నాను.

"ఏదీ, ఓ ముక్క పెట్టు. ఎలా ఏడిచిందో చూద్దాం." మద్దలేనా నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఉప్పు చాల్లేదు," అంది.

అని, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది.