బాలింతకు నీళ్లు

పురుడైన మూడోనాడు బీరమ్మ తన కోడలు యాదలక్ష్మికి ఆరు కుండల వేడినీళ్లు పోసింది. వీపు చుర్రుమనేటట్టు, ప్రేమగానే పోసింది. అయితే అన్నీ ఒంటిమీదనే; గొంతులో మాత్రం చుక్క పడలేదు. బాలింత ఐదు రోజులు నీళ్లు తాగకూడదట. నిజాం సర్కారు కాలంలో ఆ ఊళ్లో దీన్ని పథ్యమనేవారు. పస్తుకు పెట్టుకున్న ముద్దుపేరది.

"అత్తా, జర నీళ్లియ్యి. నాలిక అంటుకపోతాంది."

"ఓర్సుకో బిడ్డా. నీళ్లు తాగితే ఒళ్లు వాస్తది. మా అత్త నాకు ఐదొద్దులు ఇయ్యలె. నేనేమన్న సచ్చిన్నా?"

నిజమే, బీరమ్మ చావలేదు. ఆమె తోటికోడలు పురిట్లోనే చచ్చింది, పెద్దకూతురూ అలాగే చచ్చింది. చదువరులారా, ఇలాంటి ఆచారాలకు బతికినవాళ్లే సాక్షులు. పోయినవాళ్లు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పలేరు.

యాదలక్ష్మి ఒళ్లు పెనంలా కాలుతోంది. రక్తం ఆగడం లేదు. కిరస్తానపామె పురిటింట్లో కాలు పెడితే తల్లి ఊరుకోదని తెలిసి, బీరమ్మ కొడుకు భిక్షం చెప్పాపెట్టకుండా పక్క ఊరి మిషను దవాఖానకు పోయి నర్సు జానమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

అప్పుడు బీరమ్మ గొర్రెల దొడ్డిలో ఉంది. ఈనిన గొర్రె మూతి దగ్గర బెల్లంనీళ్ల కుండ పట్టుకుని, "తాగు తల్లీ, తాగు" అని బుజ్జగిస్తోంది.

నీళ్లివ్వని సంగతి దారిలోనే భిక్షం చెప్పగా విన్న జానమ్మ దొడ్డి వాకిట్లోనే ఆగింది.

"పెద్దమ్మా, గొర్రెకు నీళ్లెందుకు పడుతున్నవ్?"

"గదేం మాట నర్సమ్మా. రక్తం పోయిన జీవం. పిల్లకు పాలు పడాలె. నీళ్లు పట్టకుంటే సస్తది గద."

అన్నాక, అన్నది తన చెవినే పడింది. బీరమ్మ కుండ అక్కడే వదిలి ఇంట్లోకి పరుగెత్తింది. చెంబుతో నీళ్లు పట్టింది. యాదలక్ష్మి రెండు గుక్కలు మింగింది. మూడోది పెదవి చివర కారిపోయింది.

భువనగిరి పెద్ద దవాఖానకు బండి కట్టారు. దారంతా జానమ్మ తడిగుడ్డతో నోరు తడుపుతూనే ఉంది. భువనగిరి గుట్ట కనబడేసరికి తడపవలసిన పని లేకపోయింది.

పదోనాడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరామర్శకు వచ్చారు. బీరమ్మ ఒళ్లో పసిది గుడ్డపేలికతో మేకపాలు చీకుతోంది.

"ఏం జేస్తవ్ వదినె, దాని రాత గట్ల రాసుంది," అంది గోపమ్మ. ఆమె కూతురికి నెలలు నిండాయి, నేడో రేపో పురుడు.

"రాత గాదు గోపమ్మా, నేను. మూడొద్దులు అడిగింది, మూడొద్దులు ఇయ్యలె. గొర్రెకు తెలిసిన దాహం మనిషికి తెల్వదనుకున్న. నొప్పులు రాకముందే జానమ్మను పిలువు. నీ బిడ్డకు కడుపునిండ నీళ్లియ్యి, బువ్వ పెట్టు. ఎవలన్న గిదేం పద్ధతంటే, నీళ్లియ్యక బీరమ్మ కోడల్ని సంపుకున్నదని నా పేరు చెప్పు."