ఫ్రిజ్ వెనక గులాబీ పట్టీ

వంతెనలు కట్టే ఆ కంపెనీలో అతన్ని అందరూ చార్టు అనేవారు. ఎదురుగా ఉన్నప్పుడు సార్ అనేవాళ్ళు కూడా అతను అటు తిరగ్గానే చార్టు అనేవారు. అతని ఉద్యోగం ప్లానింగ్. ఇనుము ఎప్పుడు రావాలి, కాంక్రీటు ఎప్పుడు పోయాలి, స్తంభాల మీదికి దూలాలు ఎప్పుడు ఎక్కించాలి, అన్నీ రంగురంగుల కాగితం పట్టీలుగా గోడ మీద అంటించడం అతని పని. నది మీద వాళ్ళు కడుతున్న వంతెన రెండు స్తంభాల దగ్గర ఆగిపోయి ఏళ్ళయింది. ప్లాను మాత్రం ఎన్నడూ ఆలస్యం కాలేదు. పని వెనకబడినప్పుడల్లా అతను పట్టీలన్నిటినీ కుడివైపుకు జరిపి పైన 'సవరించిన ప్లాను' అని రాసేవాడు. ఆ సవరించిన దాని ప్రకారం పని ఎప్పుడూ ఠంచనుగా నడుస్తున్నట్టే లెక్క. జనరల్ మేనేజరు అతని భుజం తట్టేవాడు. జనం ఇంకా పడవలోనే నది దాటేవారు.

అలాంటి మనిషికి పై పదవి మీద కన్ను పడింది. పై పదవికి బిజినెస్ డిగ్రీ కావాలి, డిగ్రీకి సీటు కావాలి, సీటుకు ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు కావాలి. ఇంకెవరైనా అయితే ఒక పుస్తకం కొనుక్కుని చదవడం మొదలుపెట్టేవారు. మనవాడు టేపు తెచ్చి ముందు వంటింటి గోడ కొలిచాడు.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. ఆమెకూ ఒక కోరిక ఉంది. ఏడాది పాటు సాయంత్రం క్లాసులకు వెళ్ళి ఒక కోర్సు చేస్తే సూపర్‌వైజర్ని చేస్తానని ల్యాబ్ డాక్టరమ్మ మాటిచ్చింది. ఆ కోర్సులో ఏడాదికి ఒక్కసారే చేర్చుకుంటారు. చిక్కల్లా సాయంత్రాలతోనే. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. అత్తగారు, అంటే ఆమె తల్లి, వాళ్ళతోనే ఉంటుంది గానీ మోకాళ్ళ నొప్పులతో పాప వెనక పరిగెత్తే ఓపిక లేదు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరో ఒకరు ఆ పూట పుస్తకం మూసి పాపను పట్టుకోవాల్సిందే.

"ముందు నా పరీక్ష కానీ. నాలుగు నెలల పని. ఆ తర్వాత సాయంత్రాలన్నీ నీవే" అన్నాడు.

"మాట తప్పరు కదా?"

"మాటెందుకు, ఏకంగా ప్లాన్లోనే పెట్టేస్తా. చూసుకో."

పెట్టాడు కూడా. తలుపు పక్క నుంచి మొదలుపెట్టి తెల్లటి చార్టు కాగితం గోడకు పరిచాడు. లెక్కలకు ఆకుపచ్చ పట్టీ, భాషకు పసుప్పచ్చ, తర్కానికి నీలం. అవన్నీ పీకి మళ్ళీ అంటించుకోగలిగే రకం. చిట్టచివర, కుడివైపున, అరచేతి పొడవున గులాబీ రంగు పట్టీ. దాని మీద అందమైన అక్షరాలతో 'ఆవిడ కోర్సు' అని రాశాడు. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తన పేరు మీద ఒక రంగు ఉండటం ఆమెకు నిజంగా సంతోషంగా అనిపించింది. అతనికి ఆ సంతోషం చూసి, సగం చదువు అప్పుడే అయిపోయినట్టుగా గుండె నిండింది.

చదువు మొదలైంది. మొదలైందంటే, దానికి కావలసిన ఏర్పాట్లు మొదలయ్యాయి. నడుము నొప్పి రాని కుర్చీ వచ్చింది. కళ్ళు లాగని దీపం వచ్చింది. ఆ పరీక్షలో ఇరగదీసిన వాళ్ళు తాము ఎలా చదివారో చెప్పే వీడియోలు ఉంటాయి, వాటిని అతను గది తలుపు వేసుకుని ఒకటి వదలకుండా చూశాడు. అందరూ ఒకే మాట చెప్పారు, ప్లాను బాగుండాలని. అతనికి ఒళ్ళు పులకరించింది. వెంటనే లేచి వెళ్ళి ప్లానుకు ఇంకో రంగు కలిపాడు. నమూనా పరీక్షలు మాత్రం ఒక్కటీ రాయలేదు. సిలబస్ పూర్తికాకుండా రాస్తే తక్కువ మార్కులొస్తాయి, ఆ తక్కువ మార్కులు చార్టు మీద బాగుండవు.

ఆదివారం ఆదివారం టీ తాగుతూ వంటింట్లో సమీక్షా సమావేశం జరిగేది. సభ్యులు ముగ్గురు. అతను స్కేలు పట్టుకుని గోడ దగ్గర నిలబడేవాడు, ఆమె పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, అత్తగారు కుర్చీలో కాళ్ళు చాపుకునేది. చార్టు కింద 'ఆలస్యానికి కారణాలు' అని ఒక గడి ఉండేది. ఆఫీసులో ఆ గడిలో ఎండాకాలంలో కూడా వానలు కురిసేవి. ఇంట్లో పాప జ్వరం, చుట్టాల రాక, పక్కింటి వాళ్ళు గోడకు మేకులు కొట్టడం వరుసగా ఎక్కాయి. ఒక ఆదివారం అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"నా దగ్గు గోడెక్కిందేంటి అల్లుడూ?"

"మీ తప్పని కాదు అత్తయ్యా. ప్లాన్లో ఏదో ఒక కారణం చూపించాలి, అంతే."

"చూపించు నాయనా. మీ వంతెన ఆగిపోయింది కూడా నా దగ్గుకేనేమో. అదీ రాసేసుకో."

భార్య ముసిముసిగా నవ్వింది. అతను నవ్వలేదు. పట్టీలు కుడివైపుకు జరిపి 'సవరించిన ప్లాను' అని రాశాడు. కాగితం చాలక ఇంకో షీటు అతికించాడు. ఆ ఏడు ఆమె కోర్సులో చేరే గడువు దాటిపోయింది. "వచ్చే ఏడు గ్యారంటీ" అన్నాడు. ఆమె సరేనంది. అలా అన్నందుకు తర్వాత తనను తానే తిట్టుకుందో ఏమో, అతనికి తెలియదు. అడిగి తెలుసుకునే అంశం ప్లాన్లో లేదు.

షీటు తర్వాత షీటు అతుక్కుంటూ కిటికీ కిందుగా చార్టు సాగింది. అక్కడి నుంచి గోడ చివర ఫ్రిజ్ దాకా వచ్చింది. అక్కడ ఒక సాంకేతిక సమస్య ఎదురైంది. ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంది. అతను కాసేపు ఆలోచించి, కాగితం అంచును నెమ్మదిగా ఆ సందులోకి తోశాడు. పోయేది గులాబీ పట్టీ ఒక్కటే కదా. అది ఎటూ దూరం భవిష్యత్తుది, రోజూ చూసే అవసరం ఏముంది? ఇందులో దురుద్దేశం ఏమీ లేదని అతను ప్రమాణం చేసి చెప్పగలడు. కాకపోతే ఆ పని ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి చేశాడు.

అన్నట్టు, ఆ పరీక్షలో అతనికి ప్రాణప్రదమైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒక ప్రశ్న ఇచ్చి, కింద రెండు వాక్యాలు ఇస్తారు. ఆ రెండు వాక్యాలతో జవాబు కనుక్కోవడం సాధ్యమేనా కాదా అన్నది చెప్పాలి.

"జవాబు కనుక్కోనక్కర్లేదు, తెలుసా?" అని ఒకరోజు ఆమెకు ఉత్సాహంగా వివరించాడు. "కనుక్కోవచ్చా లేదా చెబితే చాలు, మార్కులు పడిపోతాయి. పని చెయ్యకుండానే!"

"మీకోసమే పెట్టినట్టున్నారు" అంది ఆమె బట్టలు మడత పెడుతూ. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

రెండో ఏడు గడువు కూడా వచ్చింది. సోమవారం ఆమె కోర్సులో చేరడానికి ఆఖరి రోజు. ఈసారి కూడా చేరకపోతే ఆ సూపర్‌వైజర్ పదవి ఇంకొకరికి ఇచ్చేస్తానని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ సంగతి ఆమె వారం నుంచీ అతని చెవిన వేస్తూనే ఉంది. అతనూ వారం నుంచీ "ఆదివారం సమావేశంలో మాట్లాడదాం" అంటూనే ఉన్నాడు. ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం అతను గదిలో కొత్త సవరణ గీసుకుంటున్నాడు. పరీక్షను మరో మూడు నెలలు కుడివైపుకు జరపాలి. ఈసారి కారణం కింద ఏం రాయాలా అని బుర్ర గోక్కుంటున్నాడు.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నా దగ్గు బిళ్ళల డబ్బా ఫ్రిజ్ వెనక పడిపోయిందే తల్లీ."

"ఉండమ్మా, జరుపుతా."

ఫ్రిజ్ కాళ్ళు నేల మీద కిర్రుమన్నాయి. లేచి పరిగెత్తి ఆపుదామనుకున్నాడు, ఏం చెప్పి ఆపాలో తోచలేదు. బిళ్ళల డబ్బా నేను తీస్తాను అనొచ్చు. ఆ మాట తట్టేసరికి చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దమే అతన్ని లేపి వంటింట్లోకి నడిపించింది.

ఫ్రిజ్ పక్కకు జరిగి ఉంది. వెనక గోడ మీద, దుమ్ము పట్టి, ఒక మూల సాలెగూడు అల్లుకుని, గులాబీ పట్టీ వేలాడుతోంది. ఆమె దాని ముందు నిలబడి ఉంది. అత్తగారు డబ్బా చేతిలో పట్టుకుని, దగ్గడం కూడా మరిచిపోయి అల్లుడి వైపు చూస్తోంది.

"కూర్చోండి. సమావేశం మొదలుపెడదాం" అంది ఆమె.

అతను కూర్చున్నాడు.

"మీ పరీక్షలోది ఒక ప్రశ్న అడుగుతా. నా కోర్సు ఎప్పుడు? మొదటి వాక్యం, మీ పరీక్ష అయ్యాక. రెండో వాక్యం, మీ పరీక్ష సవరించిన ప్లాను ప్రకారం. ఈ రెండూ కలిపితే జవాబు కనుక్కోవచ్చా?"

ఏడాదిన్నరగా అతను చదివింది ఏమైనా ఉంటే ఆ రకం ప్రశ్నలే. జవాబు అతనికి తెలుసు. ఇంత తేలిక ప్రశ్న పుస్తకంలో మొదటి పేజీలో కూడా ఉండదు.

"చాలవు" అన్నాడు చివరికి. "ఆ రెండు వాక్యాలూ చాలవు."

"మార్కు మీకే" అంది.

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండు, ఏదో ఒకటి వాదించేవాడు. కోపం లేదు. అలిసిపోయిన మనిషి గొంతు అది. అతనికి సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. రావలసిన రోజున రాకుండా, అది కూడా సవరించిన తేదీకే వచ్చింది.

ఆమె గులాబీ పట్టీని పీకింది. చీర కొంగుతో దుమ్ము తుడిచింది. గోడ వెంట వెనక్కి నడిచి, కిటికీ దాటి, ఈ వారం గడి దగ్గర ఆగింది. అక్కడ అతని ఆకుపచ్చ, పసుప్పచ్చ, నీలం పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే ఊడదీసి, ఆ చోట గులాబీది అంటించి అరచేత్తో గట్టిగా నొక్కింది.

"రేపు పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేముందు చేరి వస్తా. సాయంత్రాలు పాప మీ దగ్గర."

"మరి నా పరీక్ష?"

ఆమె మూడు పట్టీలూ అతని చేతిలో పెట్టింది.

"దానికేం, ఎక్కడికీ పోదు. ఫ్రిజ్ వెనక బోలెడు చోటుంది. పెట్టేసి, ఫ్రిజ్ యథాస్థానానికి మీరే తొయ్యండి. నాకు నడుము పట్టేసింది."

అతను ఒక్కొక్క పట్టీనీ ఫ్రిజ్ వెనక గోడకు అంటించాడు. అలవాటు ప్రకారం వంకర లేకుండా, స్కేలు పెట్టి మరీ అంటించాడు. తర్వాత భుజం ఆనించి ఫ్రిజ్‌ను తోశాడు. బరువుగానే ఉంది. వెనక నుంచి అత్తగారు ఇంతసేపూ ఆపుకున్న దగ్గంతా ఒక్కసారి దగ్గింది. అతని చెయ్యి దానంతటదే జేబులో పెన్ను వైపు వెళ్ళింది.

"రాసుకో అల్లుడూ" అంది అత్తగారు బిళ్ళ నోట్లో వేసుకుంటూ.

అతను పెన్ను జేబులోనే వదిలేశాడు. పాప అప్పటికే గుమ్మం దాటి వీధిలోకి పరిగెడుతోంది. అతను దాని వెనక పరిగెత్తాడు.