మేకలు చిక్కుడు చేలో పడ్డాయి

మెక్సికోలో మా కొండల మీద మగవాళ్లు ఈలతో మాట్లాడుకుంటారు. పాట కాదు, సైగ కాదు, మాటే. మా భాషలో రాగానిదే పెత్తనం, అక్షరాలు తీసేసినా అర్థం మిగులుతుంది. ఈ కొండ మీద మొక్కజొన్న విరిచేవాడు ఆ కొండ మీది వాడితో బేరమాడగలడు, పోట్లాడగలడు, అన్నానికి పిలవగలడు. ఆడవాళ్లకు ప్రతి ముక్కా అర్థమవుతుంది. కాని వేయకూడదు. చిన్నప్పుడు మేకల చాటున నక్కి నేర్చుకుంటుంటే మా అమ్మ మూతి మీద ఒక్కటిచ్చి, "ఆడది ఈలేస్తే ఇంట్లో పొయ్యి వెలగదే" అంది.

ఫిదెన్సియో నాకు ఆ ఈలతోనే పరిచయమయ్యాడు. ఎదుటి కొండ మీంచి, "ఒతీలియా, నీ మేకలు నా చిక్కుడు చేలో పడ్డాయి" అన్నాడు. హడలిపోయి చూస్తే నా మేకలు నా ముందే ఉన్నాయి. నేను తలెత్తి చూడాలని ఆడిన అబద్ధం. మర్నాడూ అదే అబద్ధం. నేను శాలువా ఝాడించి బెదిరించేదాన్ని, అంతకు మించి బదులిచ్చే వీలు లేదు.

పెళ్లయి కాలిఫోర్నియా ద్రాక్షతోటలకు వచ్చాక కూడా వరసల అవతల నుంచి అదే వేసేవాడు. మేస్త్రీ అదేదో పిట్ట అనుకునేవాడు. ఆ కొత్తలో ఈ ఊళ్లో దారి తప్పితే పోలీసునే అడిగేవాళ్లం. పిల్లలు పుట్టిన ఆసుపత్రిలో నర్సులు మమ్మల్ని పేరుపెట్టి పలకరించేవారు. మా కొండలెంత గుర్తొస్తాయో, ఆనాటి అమెరికా కూడా నాకంత గుర్తొస్తుంది.

ఈ ఏడు కోతల్లో, ముసుగులేసుకున్న ఇమిగ్రేషన్ మనుషులు తోట దారిలో వ్యాను ఆపి అతణ్ణి పట్టుకుపోయారు. వారంటు ఏదని అడిగిన పాపానికి పక్కవాడి చేతులు కూడా విరిచికట్టారు. జైలు నుంచి ఒక్కసారే ఫోను వచ్చింది.

"ఏదో కాగితం పెడుతున్నారే. సంతకం పెడితే ఇంటికి పంపేస్తారంట. ఇక్కడ చలి చంపేస్తోంది, లైట్లు ఆర్పరు. రేపు మళ్లీ వస్తారంట. పెట్టేద్దామనుంది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లైను తెగింది. అతనికి స్పానిష్ సగమే వచ్చు, ఇంగ్లీషు అసలే రాదు. ఇల్లంటే పిల్లలున్న ఇల్లనుకున్నాడు పిచ్చిమారాజు.

లాయరు కారిన్ తల పట్టుకుంది. "సంతకం పెడితే దేశం దాటించేస్తారు, ఇంక కేసే ఉండదు. జడ్జి ముందు చెప్పుకునే హక్కు ఆయనకుంది. ఎలాగైనా ఆపాలి" అంది. నాతోపాటు మా మావయ్య మార్సియానోను కూడా కారెక్కించుకుని వెంటనే ఆ జైలు దగ్గరికి తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలావాడు ఇవాళ ఎవర్నీ కలవనివ్వం అన్నాడు.

"నేను లాయర్ని" అంది కారిన్.

"ఎవరైనా సరేనమ్మా."

మధ్యాహ్నం ఖైదీలను ఆవరణలోకి వదులుతారు. రెండు కంచెలు, మధ్యలో బీడు, లోపలి కంచెకు ఆకుపచ్చ గుడ్డ. అరిస్తే అందేంత దూరం కాదు. ఈల అందుతుంది. ఒకప్పుడు మా ఊళ్లో మావయ్య ఈలకు తిరుగులేదు. రోడ్డు పక్కన నిలబడి పెదవులు బిగించాడు. కట్టుడు పళ్లు జారి అరచేతిలో పడ్డాయి. తీసేసి మళ్లీ ఊదాడు. గాలి తప్ప మాట రాలేదు.

"నా పని అయిపోయిందే తల్లీ. నువ్వెయ్యి" అన్నాడు.

"నాకు రాదు మావయ్యా."

"మేకల చాటున ఎవరేసేవారే మరి? మీ అమ్మ కొట్టింది, నేను విన్నా."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మొదటిసారి తుస్సుమంది. రెండోసారి పలికింది. "ఫిదెన్సియో, కాగితం మీద చెయ్యి పెట్టకు. జడ్జి కావాలను."

లోపల సద్దుమణిగింది. కాసేపటికి అతని ఈల వచ్చింది. "ఎవరి కొడుకువి నువ్వు? ఏ ఊరి మగాడివి?"

నా ప్రాణం చివుక్కుమంది. ఆడగొంతు ఈలలో తెలియదు కదా. ఎవడో మన ఊరివాణ్ణి పట్టుకొచ్చి తనను మోసం చేయిస్తున్నారని అతని అనుమానం. నమ్మకపోతే రేపు సంతకం పెట్టేస్తాడు. పెదవులు వాటంతటవే బిగిశాయి.

"నీ మేకలు నా చిక్కుడు చేలో పడ్డాయి."

అతని ఈల సన్నగా, ఆగి ఆగి వచ్చింది.

"ఈల వచ్చుండీ ఇన్నేళ్లూ నాతోనే వాగించావా?"

నవ్వొచ్చింది, దాంతో ఏడుపూ వచ్చింది. కాపలావాడు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని పొమ్మన్నాడు. లోపల వాళ్లను గదుల్లోకి తోలేస్తున్న అరుపులు వినపడ్డాయి.

మర్నాడు కాగితం తెస్తే అతను సంతకం పెట్టలేదు. దానికి శిక్షో ఏమో, ఆ వారమే మూడు రాష్ట్రాల అవతల ఇంకో జైలుకు మార్చారు. ఏ ఈలా అంత దూరం పోదు. మూడో వారానికి కారిన్ అతణ్ణి వీడియోలో చూడగలిగింది. విచారణకు జడ్జి తారీఖు ఇచ్చాడట. గెలుస్తామో లేదో తను చెప్పలేనంది.

"ఇంకో విషయం. మీకిమ్మని నాకో రాగం నేర్పారు. అర్ధగంట పట్టింది. ఎలా వస్తుందో మరి" అంటూ ఫోనులో ఈల వేసింది.

ఘోరంగా వేసింది. మధ్యలో శ్వాస అందక ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. పొయ్యి మీద రొట్టె మాడుతున్నా నేను కదల్లేదు. ఎగుడుదిగుడుల్లో ఒక్కొక్క మాటే ఏరుకున్నాను.

"ఏమన్నారు?" అంది కారిన్.

"మేకల్ని తోలెయ్యొద్దన్నాడు. వస్తున్నాడట."